నలభై ఒక్క ఫొటోలు, ఒకే సొట్ట

సోమవారం పదకొండు గంటలకు డైరెక్టరు ఇద్దరినీ పిలిచి, "శుక్రవారం సాయంత్రం ఐదింటికి మీ విభాగం ఉంటుందో పోతుందో తేలిపోతుంది" అన్నాడు.

ఆయన చెప్పిన తీరు చూస్తే, పోవటం ఖాయమైపోయి ముహూర్తం ఒక్కటే మిగిలినట్టుంది.

ఆ విభాగంలో ఉన్నదే ఇద్దరు. పన్నుల శాఖ భవనం మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన వాళ్ళ గది. లిఫ్టు కదిలినప్పుడల్లా గోడమీద క్యాలెండరు ఊగుతుంది. ప్రభుత్వం ఎవరికైనా పన్ను రాయితీ ఇస్తే, దానివల్ల అనుకున్న మేలు జరిగిందో లేదో కనిపెట్టి చెప్పటం వాళ్ళ ఉద్యోగం.

విభాగం అధికారిణిని ఆఫీసంతా 'ఎలాగూ మేడం' అంటుంది. ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ ఆమె ఒకటే ప్రశ్న అడుగుతుంది: "రాయితీ లేకపోయినా ఈ పని మీరు ఎలాగూ చేసేవారా?" చెట్లు నాటినవాణ్ణి అడిగింది. ఇంటిమీద సోలారు పలకలు పెట్టించినవాణ్ణి అడిగింది. ఎలాగూ చేసేవాడికి రాయితీ ఇవ్వటం, నడిచి వెళ్తున్నవాణ్ణి ఎత్తుకుని వాడి గుమ్మం దగ్గరే దింపటం లాంటిదని ఆమె అభిప్రాయం. కిందటేడు పెళ్ళిరోజున పువ్వులు తెచ్చిన మొగుణ్ణి కూడా అదే అడిగిందనీ, ఆయన ఇంకా సమాధానం ఆలోచిస్తూనే ఉన్నాడనీ క్యాంటీన్లో ఒక పుకారు.

రెండో మనిషి గణాంక సహాయకుడు. పేరు 'సగటు బాబాయ్'. ఒక కాలికి ఎనిమిదో నంబరు, ఇంకో కాలికి తొమ్మిదో నంబరు చెప్పు పడుతుందని తెలిసి, ఎనిమిదిన్నర కొనుక్కుని ముప్పై ఏళ్ళుగా రెండు కాళ్ళతోనూ బాధపడుతున్న మనిషి.

"మూడు రిపోర్టులిచ్చారు" అన్నాడు డైరెక్టరు. "మూడింటి చివరా ఒకటే మాట. 'కచ్చితంగా తేల్చలేం.' తేల్చటానికి పెట్టిన విభాగం తేల్చలేకపోతే ఇక మీరెందుకు? కింద స్టాంపుల గోడౌను ఉంది. అక్కడికి పంపిస్తే కనీసం చెదలు పట్టకుండా చూస్తారు."

"సార్, ఈసారి..."

"ఈసారి లాండ్రీల రాయితీ. అది పనిచేసిందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పాలి. మళ్ళీ 'తేల్చలేం' అన్నారో, సోమవారం నుంచి మీ కుర్చీలు గోడౌన్లో ఉంటాయి."

గదికి తిరిగొచ్చాక సగటు బాబాయ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గోడౌన్లో కిటికీ లేదు మేడం."

"గోడౌనుకి మనం పోవటం లేదు బాబాయ్" అంది మేడం. అన్నదే కానీ, క్యాలెండరు వైపు తిరిగి శుక్రవారానికి ఎన్ని రోజులో లెక్కపెట్టుకుంది.

లాండ్రీల రాయితీ చూడటానికి చాలా సాదా వ్యవహారం. ఆస్పత్రుల, హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలు నగరంలో చాలా ఉన్నాయి. ప్రతిదాంట్లో ఒక బాయిలరు, రోజంతా డీజిల్ తాగుతూ నీళ్ళు కాస్తుంటుంది. ఉతికాక ఆ వేడి నీళ్ళు అలాగే పొగలు కక్కుతూ కాలవలోకి పోతాయి. ఇలా పోయే వేడిని పట్టి, బాయిలరులోకి వచ్చే చన్నీళ్ళకి అందించే యంత్రం ఒకటి ఉంది. బీరువా అంత పెట్టె. దాన్ని అమర్చుకున్నవాళ్ళకి ఐదేళ్ళపాటు పన్నులో మూడో వంతు మినహాయింపు. డీజిల్ తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. చట్టం ఉద్దేశం అదీ.

మంగళవారం పొద్దునకల్లా మేడం బల్లమీద మూడు కాగితాలు చేరాయి.

మొదటిది: పది నెలల్లో రాయితీ పొందిన లాండ్రీలు, నలభై ఒకటి.

రెండోది: ఆ నలభై ఒక్క లాండ్రీలు కొన్న డీజిల్, అంతకు ముందుకన్నా పావువంతు తక్కువ.

"పావువంతా!" సగటు బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. "అయితే పనిచేసినట్టేగా! రాసేద్దాం మేడం. ఇవాళే రాసేద్దాం. మధ్యాహ్నం భోజనానికి ముందే రాసేద్దాం."

మేడం మూడో కాగితం ఆయన చేతిలో పెట్టింది. అది యంత్రాల డీలరు దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం. ఈ యంత్రాన్ని అమ్మే డీలరు దేశం మొత్తంమీద ఒక్కడే. నగరంలో ఇప్పటిదాకా తాను అమ్మిన యంత్రాల సంఖ్యను అతను అంకెలోనూ అక్షరాల్లోనూ రాశాడు.

ఒకటి.

సగటు బాబాయ్ నిల్చున్నవాడు నిల్చున్నట్టే కూర్చున్నాడు.

నలభై ఒక్క రాయితీలు. ఒకే యంత్రం. డీజిల్ మాత్రం నిజంగానే తగ్గింది. మూడూ నిజమే. మూడూ కలిపితే మాత్రం అబద్ధంలా ఉంది.

"ఫొటోలు" అంది మేడం.

ప్రతి దరఖాస్తు ఫైల్లోనూ తనిఖీ నాటి ఫొటో ఒకటి ఉండాలి: యంత్రం, పక్కన తనిఖీకి వెళ్ళిన ఇన్‌స్పెక్టరు. నలభై ఒక్క ఫైళ్ళూ తెప్పించి, ఫొటోలు విప్పి, నేలమీద వరసగా పరిచారు. సగటు బాబాయ్ చెప్పులు విప్పి ఫొటోల మధ్య మోకాళ్ళమీద పాకాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి మేడం. ఒకే కంపెనీవి కదా, అలాగే ఉంటాయి."

"కింద ఎడమ మూల చూడండి బాబాయ్."

ఎడమ మూల సొట్ట ఉంది. మెత్తటి పిండిని బొటనవేలితో నొక్కినట్టు, అరచేయంత సొట్ట. పదిహేడో ఫొటోలోనూ ఉంది. ఇరవై తొమ్మిదో దాంట్లోనూ ఉంది. నలభై ఒక్క ఫొటోల్లోనూ ఉంది.

"కంపెనీవాడు సొట్టతో సహా తయారుచేస్తున్నాడంటారా?" అంది మేడం.

సగటు బాబాయ్ వేళ్ళమీద లెక్కేశాడు. "నలభై ఒక్క సొట్టల సగటు తీస్తే... అదే సొట్ట వస్తుంది!"

"మరి మన ఇన్‌స్పెక్టర్లకి కళ్ళు లేవా?"

కళ్ళున్నాయి. రూలు కూడా ఉంది. లంచాలకి అలవాటు పడకూడదని, ఏ ఇన్‌స్పెక్టరూ ఒకే రకం వ్యాపారాల తనిఖీకి వరసగా రెండుసార్లు వెళ్ళకూడదని శాఖే రూలు పెట్టింది. అందుకని నలభై ఒక్క తనిఖీలకి పదకొండు మంది ఇన్‌స్పెక్టర్లు మారిమారి వెళ్ళారు. ఒకాయన చూసిన సొట్ట మళ్ళీ ఆయన కంటపడటానికి నెలలు పట్టింది. దొంగతనం జరక్కుండా వేసిన తాళం దొంగకే కాపలా కాసింది.

మేడం మొదటి ఫొటో చేతిలోకి తీసుకుంది. అందులో యంత్రం కొత్తది, సొట్ట కూడా కొత్తదే, దించేటప్పుడు పడినట్టుంది. పక్కన ఇన్‌స్పెక్టరు. ఆయన్ని భుజంతో ఒక పక్కకి నెట్టి, యంత్రంమీద చెయ్యేసి, కెమెరా వైపు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది ఆ లాండ్రీ యజమానురాలు.

ఆ చెయ్యి మేడానికి తెలుసు. ఆ నవ్వు కూడా తెలుసు. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని, "కోడలు పిల్లా, చిక్కిపోయావు" అంటూ నవ్వే నవ్వు.

"బాబాయ్" అంది మేడం నెమ్మదిగా. "ఈవిడ మా అత్తగారు."

* * *

అత్తగారికి లాండ్రీ ఉందన్నది కొత్త సంగతి కాదు. కానీ పెళ్ళయిన కొత్తలోనే అత్తాకోడళ్ళిద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఆవిడ పన్నుల మాట ఎత్తదు, ఈమె ఉతుకుడు మాట ఎత్తదు. దరఖాస్తుల జాబితాలో పేర్లు ఉండవు, లైసెన్సు నంబర్లే ఉంటాయి. అలా పన్నెండేళ్ళు నిక్షేపంగా గడిచిన కాపురంలోకి ఇప్పుడు సొట్ట పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది.

"మేడం, ఫోన్ చేసి అడిగేస్తే?"

"అడిగితే సాయంత్రానికి ఆ యంత్రం ఏ గోడ వెనకో ఉంటుంది. మా అత్తగారిని మీరెరగరు. ముందు యంత్రాన్ని కళ్ళతో చూడాలి."

మేడం తెల్ల కాగితం తీసి రిపోర్టులో మొదటి వాక్యం అప్పుడే రాసింది: 'రాయితీ పొందినవారిలో మొదటివారు ఈ అధికారిణి అత్తగారు.' ఇంకా రెండో వాక్యం ఏమిటో తెలియదు. మొదటిదైతే నిజం.

ఫొటోల వెనక తేదీలు చూశారు. అన్నీ బుధవారాలే. నలభై రెండో దరఖాస్తు కిందటి వారమే వచ్చింది. అంటే రేపు బుధవారం, యంత్రం నలభై ఒకటో లాండ్రీ నుంచి నలభై రెండో లాండ్రీకి బయల్దేరుతుంది.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి సగటు బాబాయ్ స్కూటరు నలభై ఒకటో లాండ్రీకి ఎదురుగా, మందుల షాపు పక్కన ఆగింది. వెనక సీటుమీద మేడం, మొహానికి చున్నీ చుట్టుకుని. సగటు బాబాయ్ కూడా మారువేషంలో వచ్చాడు. అంటే కళ్ళజోడు తీసేశాడు.

"బాబాయ్, కళ్ళజోడు లేకుండా బండి నడపగలరా?"

"సగటున కనిపిస్తుంది మేడం."

"పెట్టుకోండి. ఇప్పుడే పెట్టుకోండి."

పదింటికి చిన్న లారీ ఒకటి వచ్చింది. నలుగురు మనుషులు దుప్పట్లు కప్పిన బీరువాలాంటి దాన్ని మోసుకొచ్చి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు లారీలో పెట్టారు. లారీ కదిలింది. స్కూటరు వెంటపడింది.

వెంటపడటం కన్నా దాటిపోకుండా ఉండటం కష్టమని రెండు నిమిషాల్లోనే తెలిసొచ్చింది. యంత్రానికి ఇంకో సొట్ట పడుతుందేమోనన్న భయంతో ఆ లారీ నడకకన్నా కాస్త ఎక్కువ, పరుగుకన్నా బాగా తక్కువ వేగంతో పోతోంది. దాని వెనక స్కూటరు నిలదొక్కుకోలేక పాములా మెలికలు తిరుగుతోంది. ఒక ముసలాయన చేతికర్రతో టకటకమంటూ ఇద్దరినీ దాటేశాడు. మలుపు దగ్గర సగటు బాబాయ్‌కి బ్రేకు బదులు ఇంకేదో చేతికి తగిలి, స్కూటరు రివ్వున లారీని దాటి ముందుకెళ్ళిపోయింది.

"బాబాయ్! మనం వెంటపడాలి, వాళ్ళు మన వెంటపడకూడదు!"

"ఆగుదామంటే ఆగటం లేదమ్మాయ్!" బాబాయ్‌కి కంగారు పుడితే మేడం అమ్మాయ్ అయిపోతుంది.

వెనకనుంచి లారీ హారన్ మోగింది. క్యాబిన్ కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది.

"కోడలు పిల్లా! ఆ చున్నీ నేను కొనిచ్చిందేగా! ఎందుకమ్మా ఎండన పడి తిరుగుతున్నావు? ఆ సందులోకి తిప్పమను. దించటానికి ఒక చెయ్యి తక్కువైంది!"

అలా, తాను పట్టుకోవటానికి వచ్చిన సాక్ష్యాన్ని ఒక పక్కన స్వయంగా ఎత్తి, నలభై రెండో లాండ్రీలో దింపింది ఎలాగూ మేడం. ఎడమ పక్క. అరచెయ్యి సరిగ్గా సొట్టలో ఇమిడింది.

చుట్టూ ఆవిరి. గుట్టలుగా తెల్ల దుప్పట్లు. గుండ్రంగా తిరిగే యంత్రాల మోత. లాండ్రీవాళ్ళు పెట్టెని చుట్టానికి వేసే కుర్చీని దులిపినట్టు దులిపి, పైపులు బిగిస్తున్నారు.

"దీన్ని మేం కొత్త అల్లుడంటాం" అంది అత్తగారు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "వారానికో ఇంట్లో మకాం. ఎక్కడికెళ్ళినా మర్యాదే. పని మాత్రం చేస్తాడు, అదొక్కటే తేడా."

"అత్తయ్యా! ఒక్క యంత్రం చూపించి నలభై ఒక్క రాయితీలు తీసుకున్నారు మీరంతా! ఇది మోసం!"

"మోసమే" అంది ఆవిడ తొణక్కుండా. "కొన్నది నేను. అడిగినవాళ్ళందరికీ లేదనకుండా ఇచ్చాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా కోడలు పట్టింది! చూశారా?" అని చుట్టూ ఉన్నవాళ్ళకి గర్వంగా చూపించింది. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

మేడానికి కోపం రావాల్సిన చోట నవ్వు వచ్చింది. దాన్ని పెదవులమీదే కొరికి ఆపింది. "సరే. ఇది వారంలో వెళ్ళిపోతుంది. మరి అందరి డీజిలూ ఎందుకు తగ్గింది? మీ దగ్గర అసలు యంత్రమే లేదుగా?"

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, నాలుగు సందుల అవతల ఉన్న తన లాండ్రీకి లాక్కెళ్ళింది. వెనక గదిలో కాలవ గొట్టం చూపించింది. దాని చుట్టూ రాగి గొట్టం, జడకి రిబ్బను చుట్టినట్టు, కిందనుంచి పైదాకా చుట్టి ఉంది. పైన పాత కంబళి కట్టి ఉంది. చన్నీళ్ళు ఆ రాగి గొట్టంలోంచి బాయిలరుకి వెళ్తున్నాయి.

"ముట్టుకో."

వెచ్చగా ఉంది.

"మీ ఆఫీసువాళ్ళు ఏమన్నారు? యంత్రం పెట్టిన రోజు ఒకసారి, ఏడు రోజులు నడిచాక ఒకసారి డీజిల్ రీడింగు చూస్తామన్నారు. అంటే అల్లుడు ప్రతి చోటా వారం ఉండాల్సిందే. ఆ వారంలో బాయిలరు చిన్నపిల్లలా కొంచెమే తాగింది. వాడు వెళ్ళిపోయాక మళ్ళీ ఏనుగులా తాగటం మొదలెట్టింది. అలవాటు పడ్డ ప్రాణం ఊరుకుంటుందా? ఇన్నాళ్ళూ ఇంత వేడి కాలవలో పోశామా అని నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. కుళాయి మేస్త్రీని పిలిచి, ఆ పెట్టె చేసే పని చేతనైనట్టు చెయ్యవయ్యా అన్నాను. ఒక్క పూటలో చుట్టేశాడు. పెట్టె అంత కాకపోయినా, దాంట్లో సగం పైనే చేస్తుంది. ఇప్పుడు ఊరంతా వాడే చుడుతున్నాడు. వాడు దొరకాలంటే వారం ముందే చెప్పుకోవాలి."

మేడం ఆ రాగి గొట్టంమీద చెయ్యి తీయలేదు. ఎప్పట్నుంచో తేలకుండా తిరుగుతున్నదేదో అరచేతి కింద కదులుతున్నట్టు అనిపించింది.

"అత్తయ్యా, ఒక్క ప్రశ్న. రాయితీ లేకపోయినా ఆ యంత్రం మీరు..."

"ఎలాగూ కొనేదాన్నే! రాయితీ ఉందన్న సంగతి కొన్నాక షాపువాడు చెప్పాడు."

* * *

గురువారం చీకటి పడేలోపు నలభై ఒక్క లాండ్రీలూ తిరిగారు. సగటు బాబాయ్ ప్రతి చోటా కాలవ గొట్టం ముట్టుకుని, "వెచ్చన", "వెచ్చన", "చల్లన" అని డైరీలో రాసుకున్నాడు. కొసకొచ్చేసరికి ఆయన చెయ్యి ఉతికిన దుప్పటిలా ముడతలు పడింది. ముప్పై ఆరు చోట్ల రాగి గొట్టం ఉంది. ఐదు చోట్ల లేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి సగటు బాబాయ్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"సున్నా! అమ్మాయ్, సున్నా! రాయితీ చూసి యంత్రం కొన్నవాడు ఒక్కడూ లేడు. కొన్న ఒక్కావిడా ఎలాగూ కొనేదే. ముప్పై ఏళ్ళ సర్వీసులో చిల్లర లేని సున్నా నేను చూడలేదు! సున్నా పాయింటు మూడు చూశాను, సున్నా పాయింటు ఏడు చూశాను, ఇది..." ఆయన గాల్లో వేలితో సున్నా చుట్టాడు. "ఇది గుండ్రంగా ఉంది."

దిగి మేడం చేతులు పట్టుకుని తిప్పేశాడు. అదే సమయానికి లిఫ్టు కదిలి క్యాలెండరు కూడా ఊగింది. ఫైలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన గుమాస్తా, ఆ గదిలో జరుగుతున్నది చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

రెండు చుట్లు తిరిగాక మేడం ఆగిపోయింది.

"బాబాయ్. డీజిల్ తగ్గింది కదా?"

"తగ్గింది."

"రాగి గొట్టాలవల్ల. గొట్టాలు ఎందుకు చుట్టించారు? యంత్రాన్ని వారం రోజులు చూశారు కాబట్టి. యంత్రాన్ని ఎందుకు తెచ్చుకున్నారు?"

సగటు బాబాయ్ మొహంలో రంగు దిగిపోయింది. "రాయితీ... కోసం."

"అంటే రాయితీ లేకపోతే యంత్రం తిరిగేది కాదు. తిరక్కపోతే గొట్టాలు లేవు. అంటే రాయితీ పనిచేసింది. మోసం చేశారు కాబట్టి పనిచేసింది. మోసం చేయకపోతే పనిచేసేది కాదు."

"అంటే... పనిచేసిందా, చేయలేదా?"

ఇద్దరి మధ్యా ఆ మాట వచ్చి నిలబడింది. తేల్చలేం.

గడియారం మూడు కొట్టింది. స్టాంపుల గోడౌను కింద నోరు తెరుచుకుని కూర్చుంది.

మేడం బల్లమీద ఫైళ్ళు మళ్ళీ ముందుకు లాక్కుంది. "చల్లగా ఉన్న ఐదూ ఇవ్వండి."

ఐదు ఫైళ్ళు. ఐదు సొట్ట ఫొటోలు. ఆమె వేలు కిందికి జారి, రీడింగు తేదీల దగ్గర ఆగింది. మొదటి రీడింగు, ఏడు రోజుల తర్వాతి రీడింగు. రెంటికీ ఒకటే తేదీ. ఐదింట్లోనూ. కింద సంతకం కూడా ఒక్కరిదే.

"నడుంనొప్పి ఇన్‌స్పెక్టరు!" అన్నాడు సగటు బాబాయ్.

ఆ ఇన్‌స్పెక్టరు నడుము శాఖంతటికీ సుపరిచితం. మేడం వెంటనే ఫోన్ చేసింది.

"ఒకటే రోజు రెండు రీడింగులు ఎలా తీశారండీ?"

"మేడం, రెండు సార్లు మెట్లెక్కటం నా వల్ల కాదు" అంది ఫోన్. "వచ్చిన రోజే రెండూ వేసేసి, వారం ఆగక్కర్లేదని చెప్పేవాణ్ణి. పాపం వాళ్ళు కూడా సంతోషించారు. పెట్టెని గంటలో తీసేసుకుని వెళ్ళారు."

మేడం ఫోన్ పెట్టేసింది. ఒక్కో వేలూ ముడుస్తూ చెప్పింది: "ఈ ఐదుగురికీ రాయితీ అందింది బాబాయ్. వారం అందలేదు. గొట్టాలు చుట్టించలేదు. ఒక్కరు కూడా."

"అయితే దీనికి తలకిందులుగా ఉన్నవాళ్ళు కావాలి" సగటు బాబాయ్ లేచి నిలబడ్డాడు. "వారం ఉండి రాయితీ లేనివాళ్ళు! అలాంటివాళ్ళు ఉంటారా?"

మేడం అప్పటికే అత్తగారి నంబరు నొక్కుతోంది.

"అత్తయ్యా, రాయితీకి దరఖాస్తు పెట్టకుండా ఊరికే అల్లుణ్ణి తీసుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరు? మా అక్కయ్య. మీ ఆఫీసు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. నాకుంటే తనకీ ఉండాలి, అంతే, ఊరికే వారం పెట్టుకుంది. ఆవిణ్ణి చూసి పక్కింటి లాండ్రీ, ఎదురింటి లాండ్రీ. కాగితాలంటే పడదు వాళ్ళకి."

"ముగ్గురు. వాళ్ళ గొట్టాలు?"

"చుట్టించారు. ముగ్గురూ చుట్టించారు. మా అక్కయ్యదైతే నా దానికన్నా రెండు చుట్లు ఎక్కువ. కావాలనే!"

మేడం ఫోన్‌ని గుండెకి హత్తుకుంది. నోట్లోంచి ఆఫీసులో ఎప్పుడూ వినపడని శబ్దం ఒకటి వచ్చింది. గుమాస్తా మళ్ళీ గుమ్మందాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాడు.

"అత్తయ్యా, ఇంకో మాట. రిపోర్టులో అంతా రాస్తున్నాను. రాయితీలన్నీ పోతాయి. తీసుకున్నది వెనక్కి కట్టాలి."

అటు అత్తగారు ఎవరినో బాయిలరు చూస్తుండమని, ఫోన్ దగ్గరికి తీసుకుంది.

"నా పేరు ఎక్కడ రాశావు?"

"మొదటి వాక్యంలో."

"అలా ఉండాలి. మొదట కొన్నది నేను కదా" అంది అత్తగారు. "వెనక్కి కట్టేస్తాం. గొట్టంవల్ల మిగిలేదే బోలెడు. మిగతా నలభై మంది సంగతి నాకొదిలెయ్యి. నా అల్లుణ్ణి వారం వారం మేపినవాళ్ళు నా మాట కాదంటారా? నాలుగున్నరకి సంతకాలు నీ బల్లమీద ఉంటాయి. ఆదివారం మాత్రం పెందరాళే రా, చిక్కిపోయావు."

* * *

ఐదుకి పది నిమిషాలు తక్కువ. డైరెక్టరు బల్లమీద రెండు కాగితాలు. ఒకటి మేడం రిపోర్టు. రెండోది ఆయన ముందే టైపు చేయించిన గోడౌను బదిలీ ఉత్తర్వు, సంతకం కోసం ఎదురుచూస్తోంది.

డైరెక్టరు మొదటి వాక్యం చదివి కనుబొమలెత్తాడు. నలభై ఒక్క రాయితీల వాపసు సంతకాలు చూసి ఇంకాస్త ఎత్తాడు. మొదటి సంతకం మిగతా వాటికన్నా మూడింతలు పెద్దది.

"చదవటానికి టైము లేదు. పనిచేసిందా, లేదా?"

"రాయితీ పనిచేయలేదు సార్" అంది మేడం. "వారం పనిచేసింది."

"అర్థం కాలేదు."

"రాయితీ అంది, వారం అందనివాళ్ళు ఐదుగురు. ఎవరూ మారలేదు. రాయితీ లేకుండా వారం దొరికినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ మారారు. మనిషిని మార్చింది మనం తగ్గించిన పన్ను కాదు సార్, ఏడు రోజులు కళ్ళారా చూసిన తేడా. మనం పొరపాటున ఫారంలో ఏడు రోజులని రాశాం. మన పథకం మొత్తంలో పనిచేసింది ఆ పొరపాటొక్కటే."

డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే తేల్చారన్నమాట."

"తేల్చాం సార్."

"కచ్చితంగా?"

"గుండ్రంగా!" అన్నాడు సగటు బాబాయ్, ఆపుకోలేక.

డైరెక్టరు బదిలీ ఉత్తర్వు చేతిలోకి తీసుకున్నాడు. సగటు బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. డైరెక్టరు కాగితాన్ని తిరగేసి, వెనక ఖాళీ వైపు రాయటం మొదలుపెట్టాడు. రాస్తూనే పైకి చదివాడు: "యంత్రానికిచ్చే రాయితీ రద్దుకు సిఫారసు. దాని బదులు శాఖే ఆరు యంత్రాలు కొని, అడిగిన ప్రతి లాండ్రీకీ వారం చొప్పున ఊరికే ఇచ్చి చూపించాలి. ఇది పనిచేస్తోందో లేదో పై ఏడాది తేల్చే బాధ్యత..." ఆగి ఇద్దరి వైపూ చూశాడు. "లిఫ్టు పక్క గదివాళ్ళది."

సగటు బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలాడు. మేడం వెళ్ళబోయి, తలుపు దగ్గర ఆగింది. ఆగకుండా ఉండాలని చాలా ప్రయత్నించింది. కానీ అలవాటు పడ్డ ప్రాణం.

"సార్, ఒక్క ప్రశ్న. మేం ఈ రిపోర్టు ఇవ్వకపోయినా, ఆ ఉత్తర్వు మీరు ఎలాగూ రాసేవారా?"

డైరెక్టరు పెన్ను ఆగిపోయింది. ఆయన కిటికీ వైపు చూశాడు, రిపోర్టు వైపు చూశాడు, గోడౌను ఉత్తర్వు వైపు చూశాడు. నిజాయితీగా ఆలోచిస్తున్న మనిషి మొహం.

"లేదు" అన్నాడు చివరికి. "రాసేవాణ్ణి కాదు."

సగటు బాబాయ్ జేబులోంచి డైరీ తీసి, ముడతలు పడ్డ చేత్తో 'ఎలాగూ చేయనివారు' అని రాసి, ఎదురుగా జాగ్రత్తగా ఒకటి వేసుకున్నాడు.